పచ్చి రంగు

కారు కాక చనిపోయాడన్న మాట నాకు ల్యాంప్ రూం కిటికీలోంచి వచ్చింది. రెండో షిఫ్టుకు దిగబోతున్న ఒకతను దీపం అందుకుంటూ, ఇవాళ ముసురు పట్టేటట్టుందని చెప్పినంత తేలిగ్గా చెప్పాడు.

"కారు కాక సచ్చిపోయిండట సార్. స్టేషన్ కాడ లారీ కడుక్కుంట కడుక్కుంటనే ఒరిగిండట."

చెప్పి, దీపం టోపీకి తగిలించుకుని వెళ్లిపోయాడు. వెనక నిలబడ్డవాడు, "జల్ది బిళ్ల తీస్కో సార్, లేటైతున్నది" అన్నాడు. తీసుకున్నాను.

మన దగ్గర చచ్చినవాళ్లందరూ మంచివాళ్లే. బతికున్నప్పుడు గుక్కెడు నీళ్లు పోయనివాడు కూడా పాడె లేచేసరికి "దేవుడసొంటి మనిషి" అయిపోతాడు. కాకకు ఆ మర్యాద కూడా జరగలేదు. ఆ సాయంత్రం కాలనీలో ఆయన గురించి నేను విన్న మంచి మాటల్లా, "పోనీ తియ్, ఎక్కువ రోజులు తిప్పలు పడలేదు" అన్నది ఒక్కటే.

ఆయన ఏ ఊళ్లో పుట్టాడో, అక్కడ ఎంత చెలక భూమి ఉండేదో నాకు తెలియదు. అడగలేదు. నాకు తెలిసింది ఆయన చేతులు. పన్నెండేళ్లు తట్టా, చెమ్మస్ అనే పారా పట్టి, బొగ్గెత్తి టబ్బులు నింపిన చేతులవి. అరచేతులు కాయలు కాసి, నిప్పుకణిక పెట్టినా తెలియనంత మొద్దుబారిపోయాయి. ఆ చేతులతో ఆయన చేసిన పని కారును తాకడం. తాకడమంటే మామూలుగా కాదు. మణికట్టు లోపలి వైపు, నాడి చూసే చోట ఆనించి, కళ్లు మూసుకుని, రంగు మీద నలుసుందో లేదో చెప్పేవాడు.

"అరచెయ్యి ఎప్పుడో సచ్చిపోయింది తమ్మీ. ఈడ ఇంక పానం ఉన్నది" అనేవాడు మణికట్టు చూపించి.

నేను ఆ బాయి మీద ల్యాంప్ రూం క్లర్కును. మా వైపు గనిని బాయి అంటాం. నా పని చూడ్డానికి చిన్నదే. దిగే ప్రతి మనిషికీ నంబరు కొట్టిన ఇత్తడి బిళ్ల ఉంటుంది. అది నాకిచ్చి దీపం తీసుకుంటాడు. నేను బిళ్లను "లోపల" అని రాసిన బోర్డు మేకుకు తగిలిస్తాను. పైకొచ్చి దీపం ఇస్తే బిళ్ల తిరిగి ఇస్తాను. బోర్డు మీద ఎన్ని బిళ్లలుంటే భూమి లోపల అంతమంది మనుషులున్నట్టు. ఏదైనా అయితే అందరూ ముందు ఉరికొచ్చేది ఆ బోర్డు దగ్గరికే.

అరవైలు అయిపోవస్తున్న రోజులు. అప్పుడు కొత్త కారు కావాలంటే పేరు రాయించుకుని ఏళ్లకేళ్లు కాచుకుని కూర్చోవాలి. మా మేనేజరు దొర కూర్చున్నాడు. తీరా వచ్చిన కారు పాలమీగడ రంగుది. బొగ్గు ఊళ్లో తెల్ల కారేమిటి, మసి కనపడుతుందని, హైదరాబాదులోనే ఎవరిదో షెడ్డులో నల్లరంగు వేయించి మరీ తెచ్చాడు. నల్ల ఊళ్లో నల్ల కారైతే మురికి తెలియదని ఆయన తెలివి. పెద్ద చదువులు చదివినవాడు కదా అని మేమందరం తలలూపాం. వారం తిరిగేసరికి తేలింది. బొగ్గు దుమ్ము నల్లగా ఉంటుందని మనమనుకుంటాం గాని, అద్దంలా మెరిసే నల్ల రంగు మీద పడితే పొయ్యిలో బూడిద చల్లినట్టు కనపడుతుంది.

అంతకన్నా పెద్ద తిప్పలు ఇంకోటి. ఆ రంగు ఆరలేదు. షెడ్డువాడు తొందరపడి పూత మీద పూత వేశాడో ఏమో, పైకి ఆరినట్టే ఉండి లోపల మెత్తగా ఉండిపోయింది. గోరు తగిలితే గీత, పిట్ట రెట్ట వేస్తే మచ్చ. మొదటి రోజు డ్రైవరు అలవాటు కొద్దీ పొడిగుడ్డతో ఒక్క తుడుపు తుడిచాడు. ఎండలో చూస్తే బానెట్ నిండా సాలెగూడు అల్లినట్టు సన్నని గీతలు. ఆ రోజు దొర బంగ్లాలోంచి వినపడ్డ తిట్లు బాయి మీద రెండు షిఫ్టుల వాళ్లు విన్నారు.

అదే నెలలో కాక కాలు మీది నుంచి బొగ్గు టబ్బు పోయింది. ఆయన పని చేసే జట్టు సర్దార్ ఆయన్ను వీపు మీద వేసుకుని పైకి తెచ్చాడు. సర్దారంటే పనిస్థలంలో మనుషుల బాధ్యత చూసేవాడు. ఈ సర్దార్ తన మనుషుల్ని బడిపిల్లల్లాగా వేలు పెట్టి లెక్కపెట్టుకునే రకం. దవాఖానలో కట్టు విప్పాక కాలు కుంటిదే అని తేలింది. అన్‌ఫిట్ అని ఒక కాగితం రాస్తే చాలు, కాక ఇంటికి. వెళ్లడానికి ఊళ్లో ఇల్లూ లేదు, గుంట భూమీ లేదు. సర్దార్ పోయి దొర కాళ్లావేళ్లా పడ్డాడు, పైన ఏదన్నా చిన్న పని ఇప్పించమని. దొర కాసేపు కారు వైపు చూసి, "కార్ కడుగుతాడా?" అన్నాడట.

బంగ్లా పనికి కంపెనీ రిజిస్టరులో చోటు లేదు. పైన పనిచేసేవాళ్లను పెద్దాఫీసు తల తలా లెక్కపెడుతుంది. లోపలి వాళ్లనైతే అంత పట్టి చూడరు. అందుకని కాగితం మీద కాక బాయి దిగుతూనే ఉన్నాడు. పొద్దున్నే కుంటుకుంటూ వచ్చి నాకు బిళ్ల ఇచ్చేవాడు. దీపం తీసుకునేవాడు కాదు. నేను బిళ్లను "లోపల" మేకుకు తగిలించేవాణ్ని. మనిషి బంగ్లాలో, బిళ్ల బాయిలో. పచ్చి అబద్ధం అంటాం చూడండి, అది రోజూ నా చేత్తోనే మేకుకు వేలాడింది. అది వేలాడినన్నాళ్లు కాక ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. తీసేస్తే అన్‌ఫిట్ కాగితం. దొర చెప్పాడు, నేను చేశాను, కాక బతికాడు. ఇందులో ఎవరికి నష్టం అనుకున్నాను.

మొదటి వారంలోనే నాకూ ఆయనకూ ఒక గొడవైంది. దీపాలు తుడిచే వేస్టు, అదే మిల్లుల నుంచి వచ్చే నూలు పోగుల ఉండలు, నా దగ్గర బస్తాల కొద్దీ ఉండేది. పాపం కుంటోడు గుడ్డల కోసం తిరుగుతున్నాడని రెండు గుప్పెళ్లు తీసి ఇచ్చాను. ఆయన అందుకోలేదు. కిటికీ బల్ల మీద ఉన్నదాన్ని వంగి చూశాడు.

"ఏంది తమ్మీ గిది?"

"తుడుచుకో కాకా. మెత్తగా ఉంటుంది."

"మెత్తగనా? గిండ్ల ఇనుప పొట్టు ఉంటది. గిది పెడితే దాని తోలు ఒలిచినట్టే." నా వైపు జాలిగా చూశాడు. "అయినా తుడుచుడు ఏంది? తుడవద్దు. కడగాలె. దుమ్ము మీద గుడ్డ పెట్టినవంటే ఆ దుమ్మే గీస్తది. గుడ్డ గీయదు, దుమ్ము గీస్తది. ముందుగాల నీళ్లు పొయ్యి. దాని దారిన అది పోనియ్యి. ఆనంక గుడ్డ."

అదే ఆయన వేదం. తర్వాత నేను చూశాను కాబట్టి చెప్తున్నాను, అంత నిష్ఠతో పూజ చేసేవాణ్ని కూడా చూడలేదు. పని మొదలుపెట్టే ముందు వేలి ఉంగరం, మొలతాడు తీసి జామచెట్టు కొమ్మకు వేలాడదీసేవాడు. గుండీలున్న అంగీ విప్పేసేవాడు. గోళ్లు మాంసం దాకా తీసుకునేవాడు. నల్లా నీళ్లు ముట్టడు, మరకలు పడతాయని. బంగ్లా వెనక నీళ్ల బావిలోంచి చేదుకునేవాడు, కుంటికాలుతో ముప్పై బిందెలు. చాకలి వాళ్ల దగ్గర బతిమాలి తెచ్చుకున్న పాత ధోవతులు, వంద ఉతుకులు ఉతికి ఉల్లిపొరలా అయినవి, చింపి దొంతర పెట్టేవాడు. గుడ్డ ఒక్కసారి కింద పడిందా, అది మళ్లీ కారు ముఖం చూడదు. ముందు నుంచి వెనక్కి ఒకే వైపు, తల దువ్వినట్టు. గుండ్రంగా రుద్దడం కంటబడితే డ్రైవరుకైనా సరే శాపనార్థాలు తప్పవు.

దసరాకు బాయి మీద మోటర్లకూ మిషన్లకూ ఆయుధపూజ చేస్తారు. దొరసాని కారుకూ చేయించాలంది. అయ్యగారు పసుపు గిన్నెలో వేలు ముంచి బానెట్ మీదికి వంగాడు. ఆ వేలికి రాగి ఉంగరం. ఎక్కడ నుంచి చూశాడో, కాక కుంటుతూ వచ్చి కారుకూ అయ్యగారికీ నడుమ నిలబడ్డాడు.

"అయ్యగారూ, బాంచెన్, పైన చెయ్యి పెట్టకుండ్రి. పచ్చి రంగు. ఇది పచ్చి బాలింత అసొంటిది, ఆర్నెల్ల దాక గాలి సుత తగలొద్దు. గిర్రలకు పెట్టుండ్రి బొట్టు."

దొరసాని పడీపడీ నవ్వింది. అయ్యగారు మొఖం ముడుచుకుని నాలుగు చక్రాలకూ నాలుగు బొట్లు పెట్టాడు. నెత్తిన పెట్టాల్సిన బొట్టు కాళ్లకు పెట్టించాడని జనం చెవులు కొరుక్కున్నారు. తర్వాత జరిగిందానికి కారణం ఆ బొట్టేనని ఇప్పటికీ నమ్మేవాళ్లు మా కాలనీలో ఉన్నారు. ఒకందుకు నాకు అది మంచిదే అయింది.

ఆ కారులో ఎప్పుడైనా కూర్చున్నావా కాకా అని ఒకసారి అడిగాను. "బాయి దిగుడు నేర్సినోణ్ని, కారెక్కుడు నాకెందుకు తమ్మీ" అని నవ్వాడు. ఆయన నవ్వు ఒక పక్కకే ఉండేది. ఎడమ దవడ పళ్లు రెండు టబ్బు గొలుసు తగిలి ఊడిపోయాయి.

దసరా అయిన కొన్నాళ్లకు గనులు తనిఖీ చేసే ఆఫీసరు వస్తున్నాడన్నారు. మూడు రోజులుంటాడట. ఆ మూడు రోజులు బంగ్లా మనుషులందరినీ నిజంగానే బాయి దింపమని దొర హుకుం. కాక మొదటి రోజు దిగాడు. పని చేయలేడు కాబట్టి సర్దార్ ఆయన్ను ఒక మూల కూర్చోబెట్టి సాయంత్రం తీసుకొచ్చాడు. రెండో రోజు పొద్దున కూడా బిళ్ల ఇచ్చి, దీపం తీసుకుని, జట్టుతో పాటు బాయి నోటి దాకా వెళ్లాడు. సర్దార్ అక్కడ నిలబడి లెక్కపెట్టాడు. పన్నెండు. "నువ్వు నిమ్మళంగ రా కాకా, కాలు పైలం" అని చెప్పి ముందు నడిచాడు.

ముందు రోజు సాయంత్రం తుంపర పడింది. బొగ్గు దుమ్ము తడిసి కారంతా చుక్కలు చుక్కలుగా అట్టకట్టింది. మధ్యాహ్నం ఆ కారులోనే తనిఖీ ఆఫీసరును గెస్టు హౌసుకు భోజనానికి తీసుకుపోవాలి. దొర ప్యూను పరుగెత్తుకుంటూ బాయి నోటి దగ్గరికి వచ్చాడు.

"కాకా, దొర రమ్మంటుండు. డ్రైవరు పొడిగుడ్డ పట్టిండు!"

పొడిగుడ్డ అన్న మాట చాలు. వెనక్కి తిరిగి, కుంటికాలుతో ఆ మనిషి ఎంత వేగంగా వచ్చాడో నేను కిటికీలోంచి చూశాను. దీపం తీసి నా ముందు పెట్టాడు.

"తమ్మీ, బిళ్ల తియ్యి. నేను లోపట లేను."

"ఉండనీ కాకా" అన్నాను. "ఆఫీసరు ఇక్కడే తిరుగుతున్నాడు. బిళ్ల తీస్తే ఎందుకు తీశావంటాడు. నీ మస్టర్, ఇవాళ్టి హాజరు కూడా పోతుంది."

ఆయన ఒక్క క్షణం బోర్డు వైపు చూశాడు. అడుగు బంగ్లా వైపే పడుతోంది. "నీ ఇష్టం" అని వెళ్లిపోయాడు. నేను దీపాన్ని దాని చోట పెట్టాను. బిళ్ల మేకు మీదే ఉంది.

పది దాటాక లోపల కప్పు కూలింది. సైరన్ మోగింది. మా సర్దార్ జట్టు కూలిన చోటుకు కాస్త ఇవతల ఉండబట్టి అందరూ బయటపడ్డారు. దుమ్ముకొట్టుకుపోయి, దగ్గుకుంటూ వచ్చారు. సర్దార్ వేలు పెట్టి లెక్కపెట్టాడు. పదకొండు. మళ్లీ లెక్కపెట్టాడు. పదకొండే. కాక పనిస్థలానికి రాలేదు. కుంటుకుంటూ వెనకెక్కడో కూర్చున్నాడని సర్దార్ అప్పటిదాకా అనుకున్నాడు. నా కిటికీ దగ్గరికి ఉరికొచ్చాడు.

"అన్నా, కాక బిళ్ల ఉన్నదా?"

కిటికీకి మూడడుగుల దూరంలో మేనేజరు దొర, తనిఖీ ఆఫీసరు నిలబడి ఉన్నారు. ఆఫీసరు బోర్డు చూస్తున్నాడు. దొర నన్ను చూస్తున్నాడు.

"ఉంది" అన్నాను.

అబద్ధం కాదు. ఆయన అడిగింది బిళ్ల ఉందా అని. బిళ్ల ఉంది. చిన్నప్పటి నుంచి ఆదివారం ఆదివారం చర్చికి పోయి, అబద్ధ సాక్ష్యం పలకరాదని వల్లెవేసిన నోరు నాది. ఆ నోటికి ఆ రోజు అబద్ధం ఆడాల్సిన అవసరం కూడా రాలేదు.

ఆఫీసరు రెండడుగులు అటు జరిగితే సర్దార్‌ను పక్కకు పిలిచి చెవిలో చెప్దామనుకున్నాను. రెండే రెండు అడుగులు. సర్దార్ ఆగలేదు. "కుంటోడు, ఆగమైతడు" అన్నాడు. ఎవరి చేతిలోంచో దీపం గుంజుకుని మళ్లీ బాయి నోటి వైపు ఉరికాడు. దొర చెయ్యెత్తి, "ఆగు, ఆగు" అని అరిచాడు. ఎందుకు ఆగాలో మాత్రం చెప్పలేదు. మనిషి పైన ఉన్నా బిళ్ల మేకు మీదే ఉందన్న ఆ సంగతి ఈ భూమ్మీద అప్పుడు ముగ్గురికే తెలుసు. ఒకాయన బంగ్లాలో కారు కడుగుతున్నాడు. మిగతా ఇద్దరం ఒకరి మొఖం ఒకరం చూసుకుంటున్నాం. నేను గొంతు సవరించుకున్నాను. నేను చేసింది అంతే.

రెండోసారి కూలిన చప్పుడు పైకి వినపడలేదు. కాళ్ల కింద నేల కొంచెం అదిరింది.

కాక అప్పుడొచ్చాడు. సైరన్ విని వచ్చాడు, అంగీ లేదు, చేతిలో తడిగుడ్డ. గుంపులో ఎవరో తన పేరు చెప్పి, తన కోసమే సర్దార్ దిగాడని అంటుంటే విన్నాడు. "నేనీడున్న! నేనీడనే ఉన్న!" అని బాయి నోట్లోకి అరవడం మొదలుపెట్టాడు. లోపలికి పోబోతే ముగ్గురు పట్టుకున్నారు. సర్దార్‌ను తెచ్చేసరికి పొద్దుగూకింది. మనిషి ముఖం పోల్చలేనంతగా బొగ్గు. ఎవరో తువ్వాల తీసి తుడవబోతే కాక వద్దన్నాడు. దోసిలితో నీళ్లు పోసి పోసి కడిగాడు.

విచారణకు ముందు రోజు మధ్యాహ్నం నేను కాక క్వార్టరుకు వెళ్లాను. ఏమడగాలో దారంతా అనుకుంటూనే వెళ్లాను. ఆయన గడపలో కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేవలేదు, కూర్చోమనీ అనలేదు.

"దొర మనిషి వచ్చి పోయిండు" అన్నాడు. "చెప్పకుండ పైకొచ్చిన అని చెప్పాల్నట. చెప్తే నౌకరి ఉంచుతడట."

నేను చెప్పులు విడిచి వాకిట్లో నిలబడ్డాను.

"తమ్మీ, ఆ పొద్దు బిళ్ల తియ్యమన్న. నువ్వు తియ్యలే." అందులో కోపం లేదు. ఉంటే బాగుండేది. "గది నేను చెప్ప. నీకు నలుగురు పిల్లలు. మేం తినెటోళ్లం ఇద్దరమే."

"కాకా, పిలిచింది దొర కదా..." అన్నాను. ఎందుకన్నానో తెలియదు. తప్పు పంచుకోవడానికి ఇంకో మనిషి కావాలనిపించిందేమో.

"పిలిచింది దొరనే. ఉరికింది నేను కదా. డ్రైవరు పొడిగుడ్డ పట్టిండంటే నా పానం ఆగలే. ఇనుప డబ్బ మీద గీత పడ్తదని ఉరికిన. పన్నెండు మందిల ఒకణ్ని, సర్దార్‌కు ఒక్క మాట చెప్పి పోవాల్నని తట్టలే నాకు." కాసేపటికి, "ఇగ పో తమ్మీ" అన్నాడు.

మర్నాడు విచారణలో ఆయన చెప్పింది నేను పక్క గదిలోంచి విన్నాను. పని ఎగ్గొడదామని ఎవరికీ చెప్పకుండా పైకి వచ్చేశానన్నాడు. దీపం కిటికీలో పెట్టి పోయానన్నాడు. అప్పుడు క్లర్కు సీట్లో లేడన్నాడు. ఎక్కడికి పోయావంటే, ఇంటికి పోయి పడుకున్నానన్నాడు. అన్నీ రాసుకున్నారు. ఆ కాగితాల కట్టలో నా తప్పు లేదు, దొర తప్పు లేదు. కారు అన్న మాటే లేదు.

నౌకరి ఉంచుతానన్న దొర పదిహేను రోజుల్లో కాకను డిస్మిస్ చేశాడు. పని ఎగ్గొట్టి ఒక మనిషి చావుకు కారణమైన వాణ్ని ఎట్లా ఉంచుతారని యూనియన్ వాళ్లూ నోరెత్తలేదు. మరుసటి సంవత్సరం దొర బదిలీ మీద వెళ్లిపోయాడు, కారుతో సహా. అప్పటికి రంగు ఆరి గట్టిపడింది. మంచి మెరుపు మీద ఉంది.

సర్దార్ భార్యకు కంపెనీ పని ఇచ్చింది. ఎక్కడనుకున్నారు? నా ల్యాంప్ రూంలోనే. దీపాలు తుడిచి వరసలో పెట్టే పని. ఆమె నన్ను అన్నా అంటుంది, నేను చెల్లె అంటాను. ఎనిమిదేళ్లు మేమిద్దరం ఒకే గదిలో పనిచేశాం. దీపం తుడుస్తూ తుడుస్తూ ఆమె కాకను తిట్టేది. వాని చెయ్యి పడిపోను, వాని వంశం ఆరిపోను అని. పిల్లలు లేనివాడికి వంశమేముంటుందని అనబోయి మానేసేవాణ్ని. అవునమ్మా అన్నట్టు తల ఊపేవాణ్ని కూడా. అది ఒప్పుకోవాలి.

కాక ఊరు విడిచి పోలేదు. రామగుండం స్టేషన్ దగ్గర లారీలు కడిగేవాడు. లారీని కూడా అలాగే, ముందు నీళ్లు పోసి, దుమ్మును దాని దారిన పోనిచ్చి, అప్పుడు గుడ్డ. "కాకా, గిది లారీ, పెండ్లిపిల్ల కాదు, జల్ది కానియ్యి" అని డ్రైవర్లు ఎగతాళి చేసేవాళ్లు. ఆయన జల్ది కానిచ్చేవాడు కాదు.

ఒకసారి సర్దార్ భార్య అక్కడే ఆయనకు ఎదురుపడింది. దుమ్మెత్తిపోయడం అంటే తిట్టడమని మనం మాటవరసకు వాడతాం. ఆమె నిజంగానే వంగి రోడ్డు మీది దుమ్ము రెండు దోసిళ్లతో ఎత్తి ఆయన నెత్తిన పోసింది. "నా పెనిమిటిని మింగినవు కదరా, కడుపు నిండిందా" అని అరిచింది. ఆయన చేతులు కిందికి వేలాడేసి నిలబడ్డాడు. ఆమె అలిసిపోయేదాకా నిలబడ్డాడు. నేను ఎదురుగా కొట్లో సబ్బు కొంటున్నాను. చిల్లర తీసుకుని, ఆమె చూడకుండా వెనక సందులోంచి ఇంటికి వెళ్లాను.

ఆ తర్వాత ఒక ఆదివారం ఆయనే నన్ను స్టేషన్ రోడ్డులో ఆపాడు. చంకలో ఒక మూట. విప్పి చూపించాడు. పాత ధోవతి గుడ్డలు, ఉతికి, ఆరేసి, చేయెడంత చేయెడంత చింపి దొంతర పెట్టినవి.

"అక్క దీపాలు వేస్టుతోని తుడుస్తదట కదా. ఇనుప పొట్టు చేతులకు గుచ్చుకుంటది. ఇవి ఇయ్యి. నేనిచ్చిన అని చెప్పకు, పారేస్తది."

ఇచ్చాను. ఎవరిచ్చారని ఆమె అడగలేదు, నేనే తెచ్చాననుకుంది. "నీ అసొంటి అన్న ఉంటే తోడబుట్టినోళ్లు ఎందుకు" అంది. నేను నవ్వాను. మూడు నెలలకో నాలుగు నెలలకో ఒక మూట వచ్చేది. ప్రతిసారీ ఆమె ఒక దీవెన ఇచ్చేది. నా పిల్లలు చల్లగుండాలంది. నా పెద్దమ్మాయికి మంచి సంబంధం రావాలంది. వచ్చింది కూడా. ఆయన గుడ్డలకు ఆమె ఇచ్చిన దీవెనలన్నీ నేను మూటగట్టుకుని ఇంటికి పట్టుకుపోయాను.

ఇక కాక వార్త వచ్చిన రోజు, పద్దెనిమిది రోజుల కిందటి మాట. రెండో షిఫ్టు దిగిపోయాక కిటికీ మూసి వెనక్కి తిరిగాను. ఆమె ఆ వార్త విన్నది. చేతిలో దీపం, మోకాలి మీద గుడ్డ.

"సచ్చిండా" అంది. "ఇన్నొద్దులకు దేవునికి నా మొర ఇనపడ్డది."

ఎందుకో ఆ మాటకు తల ఊపలేకపోయాను. ఎనిమిదేళ్లు ఊపిన తలే. స్టూలు మీద కూర్చుని చెప్పేశాను. కారు, ప్యూను, కాక దీపం తిరిగివ్వడం, బిళ్ల తియ్యమనడం, నేను తియ్యకపోవడం. సర్దార్ అడగడం, నేను ఉంది అనడం. విచారణ. ఆఖరికి గుడ్డలు.

ఆమె ఏడవలేదు. మొదట అడిగింది, "గుడ్డలు సుత ఆయనేనా?" అని.

"ఆయనే."

మోకాలి మీది గుడ్డ తీసి, మడత పెట్టి, పక్కన పెట్టింది. "నేను ఆయన నెత్తిల మన్ను పోసిన. ఆయన నాకేమన్నడు తెల్సా? అక్కా, కండ్లల్ల పడ్తది, నువ్వు పక్కకు జరుగు అన్నడు." అని, ఆమె నా ముఖంలోకి చూసింది. "నా పెనిమిటి నిన్ను అడిగిండు. నువ్వు బిళ్ల ఉన్నదన్నవ్. మనిషి లేడు అని ఎందుకనలే?"

"భయపడ్డాను చెల్లె."

"నన్ను చెల్లె అనకు." చేతిలో దీపం కింద పెట్టింది. తర్వాత అంది: "కాక బతికున్నప్పుడు చెప్పాల్సింది సచ్చినంక నాకు చెప్పి చేతులు కడుక్కుంటున్నవా? నాకెందుకు చెప్తున్నవ్? పోయి ఆఫీసుల రాసియ్యి. కాక తప్పు లేదని, నీ పేరు పెట్టి, నీ సంతకం పెట్టి రాయి. ఆయన పెండ్లాం ఇంక బతికే ఉన్నది. ఊరందరు మొఖం మీద ఉమ్ముతున్నరు ఆమెకు."

రాస్తానన్నాను. నిజంగానే అన్నాను.

మర్నాడు పొద్దున వస్తూనే, "రాసినవా?" అంది. ఇవాళ రాస్తానన్నాను. ఆ మర్నాడూ అడిగింది. నాకు రిటైరు కావడానికి ఇంకా రెండేళ్లుంది. చిన్నవాడి చదువు కాలేదు. పాత విచారణ తిరగదోడితే ఏమవుతుందో నాకు తెలుసు, ఆఫీసు మనిషిని కదా. పదో రోజు నుంచి ఆమె అడగడం మానేసింది. మళ్లీ వేస్టుతోనే తుడుస్తోంది. దీపం నా బల్ల మీద పెట్టేటప్పుడు కొంచెం గట్టిగా పెడుతుంది, అంతే.

ఆఫీసుకు రాయలేదు. ఇది రాశాను. ఆమెకు చదువు రాదు, ఆఫీసువాళ్లు ఇలాంటివి చదవరు. అయినా సరే, రాసిందంతా మళ్లీ మొదటి నుంచి చదివి, పొరపాటున ఎక్కడైనా పేరు పడిందేమోనని చూసుకున్నాను. పడలేదు. ఆయనదీ లేదు, నాదీ లేదు.